ఆగి, చూసి, సాగే కణం
మన కణాల్లోని కావలివారు జన్యువులను ఎలా కాపాడుతున్నారు? వారి పని చెడిపోతే ఏమవుతుంది?

"మా ఇంట్లో ఎవరికీ లేదండీ. మా అమ్మకు లేదు, అమ్మమ్మకు లేదు. మరి నాకెందుకు వచ్చింది డాక్టరుగారూ?"

క్యాన్సర్ అని తెలిసిన తరువాత చాలామంది మొదట అడిగే ప్రశ్న ఇదే. రెండవ ప్రశ్న పైకి రాదు, కళ్లలో కనబడుతుంది: "నేనేం తప్పు చేశాను?" ఈ రెండింటికీ రెండు మాటల్లో జవాబు చెప్పడం కష్టం. జవాబు తెలియాలంటే మన శరీరంలో ప్రతి క్షణం జరిగే ఒక పనిని గురించి కొంచెం తెలుసుకోవాలి. ఒక కణం రెండు కణాలుగా విడిపోవడమే ఆ పని. అది సరిగా జరగడానికి కణంలో ఎన్ని తనిఖీలు ఉన్నాయో, ఆ తనిఖీలు ఒకదానికొకటి ఎలా తోడుపడతాయో ఈ పాఠంలో చూద్దాం. ఇది చదవడానికి సైన్సు చదువుకొని ఉండనక్కర లేదు. ఇంట్లో ఒకరు చదువుతుంటే మిగిలినవారు వినవచ్చు.

ఒక కణం రెండు కావాలంటే

మన శరీరంలో సుమారు 30 లక్షల కోట్ల కణాలున్నాయి. ఇవన్నీ తల్లి గర్భంలో ఒకే ఒక్క కణంగా మొదలైనవే. పెద్దయిన తరువాత కూడా ఈ విభజన ఆగదు. ఎముకల మూలుగలో సెకనుకు సుమారు 20 లక్షల ఎర్ర రక్త కణాలు కొత్తగా తయారవుతుంటాయి. చర్మం, పేగుల లోపలి పొర, వెంట్రుకల కుదుళ్లు కూడా ఎప్పటికప్పుడు కొత్త కణాలను పుట్టిస్తూ ఉంటాయి. తెగిన వేలు మానడం కూడా ఈ విభజన వల్లే.

చాలా రకాల కణాల్లో కేంద్రకం ఉంటుంది. అందులో 46 క్రోమోజోములుంటాయి. వాటిలో డి.ఎన్.ఏ. అనే సన్నని పోగు చుట్టలు చుట్టుకొని ఉంటుంది. ఒక్క కణంలోని పోగులన్నీ విప్పి ఒకదానికొకటి అతికిస్తే సుమారు 2 మీటర్ల పొడవుంటుంది. శరీరం ఎలా పని చేయాలో తెలిపే సమాచారం అంతా ఈ పోగుపై నాలుగే నాలుగు రసాయన అక్షరాలతో రాసి ఉంది. అక్షరాల సంఖ్య సుమారు 600 కోట్లు.

కణం విడిపోయే ముందు ఈ 600 కోట్ల అక్షరాలకూ నకలు తీయాలి. తరువాత అసలునూ నకలునూ సరిసమానంగా రెండు కొత్త కణాలకు పంచాలి. ప్రయోగశాలలో పెంచే మానవ కణాలకు ఈ పని మొత్తానికి సుమారు 24 గంటలు పడుతుంది. శాస్త్రజ్ఞులు దీనిని కణచక్రం అంటారు. ఇందులో నాలుగు దశలున్నాయి. మొదటిది కణం పెరిగి సిద్ధపడే జి1 దశ. రెండవది నకలు తీసే ఎస్ దశ. మూడవది నకలును సరిచూసుకొనే జి2 దశ. నాలుగవది విడిపోయే ఎమ్ దశ. ఈ చివరి దశ గంటసేపట్లో ముగుస్తుంది. మిగిలిన సమయమంతా సిద్ధపాటే.

నకలు తీసే యంత్రాంగం ఎంతో నమ్మకమైనది. తీసేటప్పుడే తప్పులు దిద్దుకుంటుంది. చివరికి దాదాపు 100 కోట్ల అక్షరాలకు ఒక్క తప్పు మాత్రమే మిగులుతుంది. కాని డి.ఎన్.ఏ.కు దెబ్బలు నకలు సమయంలోనే తగలవు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, పొగాకు పొగ, కొన్ని వైరసులు, చివరకు మనం పీల్చే ప్రాణవాయువును వాడుకొనేటప్పుడు పుట్టే రసాయనాలు కూడా దానిని గాయపరుస్తాయి. ఒక్కొక్క కణంలో రోజుకు వేల సంఖ్యలో ఇలాంటి గాయాలవుతాయి. వాటిలో దాదాపు అన్నీ మనకు తెలియకుండానే బాగవుతాయి. ఈ మరమ్మతు ఎలా జరుగుతుందో కనిపెట్టిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2015లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

అయితే మరమ్మతు చేసే పనివారు ఉంటే చాలదు, వారికి సమయం కూడా కావాలి. ఆ సమయం ఇచ్చేది ఎవరు?

ఈస్టు నేర్పిన పాఠం

ఈ ప్రశ్నకు జవాబు రొట్టె పిండిని పులియబెట్టే ఈస్టులో దొరికింది. అమెరికాలోని సియాటెల్ నగరంలో లీలాండ్ హార్ట్‌వెల్, టెడ్ వైనర్ట్ అనే శాస్త్రజ్ఞులు ఈస్టు కణాలపై ఎక్స్‌రేలు ప్రసరింపజేశారు. ఎక్స్‌రేలు డి.ఎన్.ఏ.ను తెంచుతాయి. మామూలు ఈస్టు కణాలు వెంటనే విభజన ఆపేశాయి. తెగినదానిని అతికించుకొని, ఆ తరువాతే విడిపోయాయి. రాడ్9 అనే జన్యువు లోపించిన కణాలు మాత్రం ఆగలేదు. తెగిన డి.ఎన్.ఏ.తోనే విడిపోయి చనిపోయాయి.

ఇక్కడ వారు ఒక చక్కని పరీక్ష చేశారు. రాడ్9 లేని కణాలను ఎక్స్‌రేల తరువాత ఒక మందుతో కొన్ని గంటలపాటు బలవంతంగా ఆపి ఉంచారు. ఆ కణాల్లో చాలా వరకు బ్రతికాయి! అంటే వాటికి మరమ్మతు చేసుకోవడం చేతకాక కాదు. ఆగడం తెలియక చనిపోతున్నాయన్నమాట. 1988లో వెలువడిన ఈ ప్రయోగం ద్వారా కణంలో ఆపే ఏర్పాటు వేరుగా ఉందని తేలింది. దానికి హార్ట్‌వెల్ 'చెక్‌పాయింట్' అని పేరు పెట్టాడు. మనకు బాగా తెలిసిన మాటలో చెప్పాలంటే చెక్‌పోస్టు. కణచక్రాన్ని నడిపించే ముఖ్య సూత్రాలను కనుగొన్నందుకు హార్ట్‌వెల్‌కు, ఇంగ్లండుకు చెందిన పాల్ నర్స్, టిమ్ హంట్‌లకు 2001లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ పాఠంలో మరచిపోకూడని మాట ఇదే: కణాన్ని కాపాడేది మరమ్మతు ఒక్కటే కాదు, మరమ్మతుకు సమయం ఇచ్చే ఆగడం కూడా.

దారిలో నాలుగు తనిఖీలు

సరుకు లారీ దూర ప్రయాణం చేసేటప్పుడు దారిలో ఒకచోట కాగితాలు, ఒకచోట బరువు, మరొకచోట సరుకు చూస్తారు. కణం ప్రయాణంలోనూ అలాగే నాలుగు చోట్ల తనిఖీ జరుగుతుంది.

మొదటి తనిఖీ, నకలు తీయక ముందు. "ఇప్పుడు కొత్త కణం నిజంగా అవసరమా? తగిన ఆహారం ఉందా? డి.ఎన్.ఏ.లో గాయాలున్నాయా?" ఇవి ఇక్కడి ప్రశ్నలు. ఇక్కడ ఆర్‌బి అనే ప్రొటీను గేటు మూసి నిలబడి ఉంటుంది. శరీరం నుండి సరైన సంకేతం వస్తేనే గేటు తెరుస్తుంది. డి.ఎన్.ఏ.కు గాయమైతే పి53 అనే మరొక ప్రొటీను వచ్చి గేటు తెరవనివ్వదు. కణం జీవితంలో అన్నిటికంటే పెద్ద నిర్ణయం ఇక్కడే జరుగుతుంది. ఒకసారి ఈ గేటు దాటితే కణం సాధారణంగా చివరి వరకు పోవలసిందే.

రెండవ తనిఖీ, నకలు తీస్తుండగా. పోగు మీద గాయం అడ్డు వస్తే నకలు యంత్రం అక్కడ నిలిచిపోతుంది. వెంటనే ఏటీఆర్ అనే ప్రొటీను పసిగట్టి, మిగిలిన చోట్ల కొత్తగా నకలు మొదలుపెట్టకుండా పని నెమ్మదింపజేస్తుంది.

మూడవ తనిఖీ, నకలు పూర్తయిన తరువాత. "అంతా నకలు అయిందా? ఎక్కడైనా తెగిందా?" అని చూస్తుంది. లోపం కనబడితే కణాన్ని విభజనలోకి తోసే ఇంజను వంటి ప్రొటీనును ఆపి ఉంచుతుంది.

నాలుగవ తనిఖీ, విడిపోయేటప్పుడు. జతలు జతలుగా ఉన్న క్రోమోజోములు కణం మధ్యలో వరుసగా నిలబడతాయి. రెండు వైపుల నుండి కండె పోగులనే సన్నని దారాలు వచ్చి వాటిని పట్టుకుంటాయి. 46 జతలకూ రెండు వైపులా దారాలు సరిగా తగులుకొనే వరకు లాగడం మొదలు కాదు. ఒక్క క్రోమోజోముకు దారం తగలకపోయినా, ఆ ఒక్కటే "ఆగండి" అనే సంకేతం పంపి కణమంతటినీ ఆపగలదు. తొంభై తొమ్మిది గొర్రెలున్నా తప్పిపోయిన ఒక్కదానికోసం ఆగిన కాపరి కథ తెలిసినవారికి ఈ తనిఖీ సులభంగా గుర్తుంటుంది.

ఒకదానికొకటి తోడు

ఈ తనిఖీలు ఎవరికి వారే పని చేసుకుపోవు. ఒక ఊరి కావలివారు ఈల వేసి ఒకరినొకరు హెచ్చరించుకున్నట్లు, ఇవి కూడా కబురు పంపుకుంటాయి.

డి.ఎన్.ఏ. పోగు రెండుగా తెగిందనుకోండి. ఏటీఎమ్ అనే ప్రొటీను ముందుగా గుర్తిస్తుంది. అది ఒకే సమయంలో మూడు పనులు చేయిస్తుంది. మొదటిది, నిమిషాల్లో పనిచేసే బ్రేకు వేయిస్తుంది. ఇది త్వరగా పట్టుకుంటుంది గాని ఎక్కువసేపు నిలవదు. రెండవది, పి53ని లేపుతుంది. పి53 మరికొన్ని ప్రొటీనులను తయారు చేయించాలి కనుక దీనికి కొన్ని గంటలు పడుతుంది, కాని ఈ బ్రేకు గట్టిగా, చాలాసేపు నిలుస్తుంది. మూడవది, తెగినచోటికి బి.ఆర్.సి.ఏ.1 వంటి మరమ్మతు పనివారిని రప్పిస్తుంది. మొదటి బ్రేకు సడలేలోగా రెండవది అందుకుంటుంది, ఈలోగా మరమ్మతు సాగుతుంది.

గేట్లు కూడా ఒకదాని లోపాన్ని మరొకటి కప్పిపుచ్చుతాయి. మొదటి గేటు వద్ద కనబడని గాయం నకలు తీసేటప్పుడు బయటపడుతుంది. అక్కడా తప్పించుకుంటే మూడవ గేటు పట్టుకుంటుంది. విభజన చెడిపోయి ఒకే కణంలో రెండింతలు క్రోమోజోములు మిగిలిపోతే, తరువాతి చక్రంలో మొదటి గేటు వద్ద పి53 ఆ కణాన్ని ఆపగలదు.

ఇక బాగుచేయలేనంత గాయమైతే? అప్పుడు పి53 ఆ కణాన్ని శాశ్వతంగా విభజన మానిపిస్తుంది, లేదా తనంతట తాను చనిపోయేలా చేస్తుంది. కణం ఇలా క్రమపద్ధతిలో చనిపోవడం శరీరానికి కొత్త కాదు. గర్భంలో శిశువు వేళ్ల మధ్యనున్న పొర కరిగి వేళ్లు విడివడేది కూడా కణాల స్వయం మరణం వల్లే. చెడిన ఒక్క కణం పోవడం వల్ల శరీరమంతా క్షేమంగా ఉంటుంది. 1979లో కనుగొన్న ఈ పి53కి 1992లో డేవిడ్ లేన్ అనే శాస్త్రజ్ఞుడు 'జన్యువుల సంరక్షకుడు' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. మనకు ఈ జన్యువు తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి వస్తుంది. ఏనుగులో దీని నకళ్లు, అసలుతో కలిపి, సుమారు 20 జతలున్నాయి. అంత పెద్ద శరీరంలో అన్ని కణాలున్నా ఏనుగులకు క్యాన్సర్ అరుదుగా రావడానికి ఇదొక కారణమని 2015లో వెలువడిన పరిశోధనలు సూచించాయి.

కావలివారు ఒక్కొక్కరే పడిపోతే

ఒక కావలివాడు పోయినంత మాత్రాన క్యాన్సర్ రాదు. ఎందుకంటే మిగిలినవారు ఉన్నారు. ఒకే కణంలో, దాని సంతతిలో, ఒకరి తరువాత ఒకరుగా పలువురు కావలివారు పనిచేయకుండా పోవాలి. ఒక గేటు చెడితే తప్పులు త్వరత్వరగా పేరుకుంటాయి. ఆ తప్పుల్లో ఒకటి రెండవ గేటును చెడగొడుతుంది. అందుకే క్యాన్సర్ సాధారణంగా సంవత్సరాల తరబడి తయారవుతుంది, వయస్సుతో పెరుగుతుంది. మనుష్యుల క్యాన్సర్లలో దాదాపు సగం వాటిలో పి53 జన్యువు చెడి ఉంటుంది.

చిన్నపిల్లల కంటిలో వచ్చే రెటినోబ్లాస్టోమా అనే క్యాన్సర్ దీనికి మంచి ఉదాహరణ. ఆర్‌బి అనే కావలివాని పేరు ఈ జబ్బు నుండే వచ్చింది. ఈ జన్యువు మనకు రెండు నకళ్లుంటాయి. రెండూ చెడితేనే జబ్బు వస్తుందని 1971లో ఆల్‌ఫ్రెడ్ నూడ్‌సన్ అనే వైద్యుడు లెక్క వేసి చెప్పాడు. కొందరు పిల్లలు పుట్టుకతోనే ఒక నకలు చెడి పుడతారు కనుక వారికి చిన్నతనంలోనే, తరచు రెండు కళ్లలోనూ వస్తుంది. తల్లిదండ్రులారా, ఇది గమనించండి: ఫొటో తీసినప్పుడు గాని, చీకటిగా ఉన్నచోట గాని బిడ్డ కంటిపాపలో తెల్లని మెరుపు కనబడితే, లేదా కొత్తగా మెల్లకన్ను వస్తే, ఆలస్యం చేయకుండా కంటి వైద్యునికి చూపించండి. త్వరగా కనుగొంటే ప్రాణాన్ని, చాలాసార్లు చూపును కూడా కాపాడవచ్చు.

పెద్దవారిలో కావలివారిని పడగొట్టేవాటిలో మొదటిది పొగాకు. పొగాకు పొగలోని బెంజోపైరీన్ అనే పదార్థం శరీరంలో మారి పి53 జన్యువుకు అతుక్కుంటుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో పి53 ఎక్కువగా చెడి ఉండే స్థానాల్లోనే అది అతుక్కుంటుందని 1996లో రుజువైంది. అంటే పొగ సరిగ్గా కావలివానినే కొడుతోంది. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల తీర గ్రామాల్లో కొందరు, ముఖ్యంగా స్త్రీలు, చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకొని అడ్డపొగ తాగడం మనకు తెలిసినదే. వేడి, పొగ రెండూ కలిసి అంగిట్లో క్యాన్సర్ తెస్తాయి. గుట్కా, ఖైనీ నమిలేవారికి బుగ్గలో, నాలుకపై వస్తుంది.

నాలుగవ తనిఖీ విషయంలో మరొక మాట. ఒక క్రోమోజోము ఎక్కువగా వచ్చిన గుడ్డు నుండి పుట్టిన బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉండవచ్చు. స్త్రీ గుడ్లు ఆమె తన తల్లి గర్భంలో ఉన్నప్పుడే తయారై, ఏళ్ల తరబడి సగంలో ఆగి ఉంటాయి. అందుకే తల్లి వయస్సు పెరిగేకొద్దీ ఈ అవకాశం పెరుగుతుంది: 35వ ఏట సుమారు 350 కాన్పులకు ఒకటి, 40వ ఏట సుమారు 100కు ఒకటి. ఇందులో తల్లి చేసిన తప్పేమీ లేదు. గ్రహణం వల్లనో, తినకూడనిది తినడం వల్లనో ఇది రాదు.

ఒక వైరసు, ఇద్దరు కావలివారు

కావలివారు కలిసి ఎలా పనిచేస్తారో, వారు పడిపోయినా మనకు ఎంత సమయం ఉంటుందో తెలుసుకోవడానికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను మించిన ఉదాహరణ లేదు. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క సంవత్సరంలో సుమారు 1 లక్షా 27 వేలమంది స్త్రీలకు ఇది కొత్తగా వచ్చింది. దాదాపు 80 వేలమంది దీనివల్ల చనిపోయారు. అందులో చాలా మరణాలు రాకుండా ఆపగలిగేవే.

దీనికి మూలం హెచ్.పి.వి. అనే వైరసు. జర్మనీకి చెందిన హెరాల్డ్ జుర్ హౌసెన్ దీనిని రుజువు చేసి 2008లో నోబెల్ బహుమతి పొందాడు. ఈ వైరసు తన సంతతిని పెంచుకోవడానికి మన కణం నకలు యంత్రాన్ని వాడుకోవాలి. కణం గేటు మూసుకొని ఉంటే దాని పని జరగదు. అందుకే అది రెండు ప్రొటీనులను తయారు చేస్తుంది. ఇ6 అనేది పి53ని పట్టి నాశనం చేయిస్తుంది. ఇ7 అనేది ఆర్‌బిని గేటు దగ్గర నుండి తొలగిస్తుంది. అంటే మొదటి తనిఖీలోని ఇద్దరు ముఖ్య కావలివారిని ఒకేసారి దెబ్బ తీస్తుంది.

ఇద్దరూ పోయాక కూడా క్యాన్సర్ వెంటనే రాదు. మొదట, ఎక్కువమందిలో శరీర రోగనిరోధక శక్తి ఒకటి రెండేళ్లలో వైరసును తొలగిస్తుంది. తొలగించలేని కొద్దిమందిలో కూడా మిగిలిన గేట్లు ఇంకా పనిచేస్తుంటాయి. అందువల్ల క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15 నుండి 20 సంవత్సరాలు పడుతుంది. హెచ్.ఐ.వి.కి మందులు వాడనివారి వంటి, నిరోధక శక్తి తగ్గినవారిలో 5 నుండి 10 ఏళ్లే పట్టవచ్చు. ఈ మధ్యకాలంలో నొప్పి ఉండదు, ఏ లక్షణమూ ఉండదు. కాని పరీక్ష చేస్తే కనబడుతుంది, చిన్న చికిత్సతో నయమవుతుంది. శరీరం ఇన్నేళ్లు ఆపి ఉంచి మనకు సమయం ఇస్తోంది. ఆ సమయాన్ని వాడుకోవడం, పోగొట్టుకోవడం మన చేతిలో ఉంది.

ఇక్కడ ఒక స్త్రీని తలచుకోవాలి. 1951లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో హెన్రియెట్టా లాక్స్ అనే ఐదుగురు బిడ్డల తల్లి ఈ క్యాన్సర్‌తో 31వ ఏట చనిపోయింది. ఆమె అనుమతి తీసుకోకుండానే సేకరించిన ఆమె కణాలు నేటికీ ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో పెరుగుతూనే ఉన్నాయి. 2000 సంవత్సరంలో శాస్త్రజ్ఞులు ఆ కణాల్లో వైరసు తయారుచేసే ఇ6, ఇ7లను ఆపివేశారు. అప్పుడు పి53, ఆర్‌బి రెండూ తిరిగి పనిలోకి వచ్చాయి. అర్ధ శతాబ్దంగా ఆగకుండా విడిపోతున్న ఆ కణాలు విభజన మానేశాయి! కావలివారి జన్యువులు చెడిపోలేదు. వైరసు వారిని ఎప్పటికప్పుడు అణచివేస్తూ వచ్చింది, అంతే.

ఈ వైరసు దాంపత్య సంబంధం ద్వారా సోకుతుంది. పెళ్లయినవారిలో అత్యధికులకు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సోకే మామూలు వైరసు ఇది. ఎవరి ప్రవర్తననూ దీనితో కొలవకూడదు. భార్యను అనుమానించడం, పరీక్షకు వెళ్లడానికి సిగ్గుపడటం వల్ల ప్రాణాలు పోతున్నాయి.

చికిత్స కూడా ఈ గేట్ల దగ్గరే

కరెంటు పెట్టడం అని మనవాళ్లు పిలిచే రేడియేషన్ చికిత్స డి.ఎన్.ఏ.ను తెంచుతుంది. ఆరోగ్యమైన కణం ఆగి మరమ్మతు చేసుకుంటుంది. గేట్లు చెడిన క్యాన్సర్ కణం చాలాసార్లు ఆగకుండా తెగిన డి.ఎన్.ఏ.తోనే విడిపోబోయి చనిపోతుంది, హార్ట్‌వెల్ చూసిన ఈస్టు లాగానే. రోజూ కొద్దికొద్దిగా, వారానికి 5 రోజుల చొప్పున కొన్ని వారాలపాటు ఇవ్వడానికి ఒక ముఖ్య కారణం ఇదే. మధ్యలో మంచి కణాలు కోలుకోవాలి. కాని మధ్యలో మానేస్తే క్యాన్సర్ కణాలు కూడా తిరిగి పెరుగుతాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు లోపల పెట్టే రేడియేషన్‌తో సహా మొత్తం చికిత్స సాధారణంగా 8 వారాల్లోపు పూర్తి కావాలి. పొలం పనులు, పెళ్లిళ్లు, పండుగల కోసం మధ్యలో ఆపకండి. బస్సు ఖర్చులు, వసతి ఇబ్బంది అయితే దాచుకోకుండా ఆసుపత్రిలో చెప్పండి.

మందుల్లో రెండింటికి మన ఊళ్లతో సంబంధం ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో పరిశోధన చేస్తూ, ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డగించే మందులను తన బృందంతో తయారుచేయించారు. ఫోలిక్ ఆమ్లం పనిచేయకపోతే డి.ఎన్.ఏ. నకలు తీయడానికి ముడిసరుకు దొరకదు. కణం ఎస్ దశలో చిక్కుకుపోతుంది. వాటిలో ఒకటైన అమైనోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో తాత్కాలికంగానైనా జబ్బు తగ్గించగలిగాడని 1948లో లోకానికి తెలిసింది. సుబ్బారావు గారు ఆ సంవత్సరంలోనే మరణించారు. అదే వరుసలోని మెథోట్రెక్సేట్ నేటికీ వాడుతున్నాం.

రెండవది మన పెరళ్లలో పూసే బిళ్ళ గన్నేరు. దాని నుండి తీసే విన్‌క్రిస్టిన్ మందు కండె పోగులు తయారు కాకుండా చేస్తుంది. నాలుగవ తనిఖీ కణాన్ని అక్కడే ఆపేస్తుంది, ఎక్కువసేపు ఆగిన కణం చనిపోతుంది. పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో ఈ రెండు మందులూ కలిసి వాడతారు. ఒక హెచ్చరిక: బిళ్ళ గన్నేరు ఆకులు నమలడం, కషాయం తాగడం ప్రమాదకరం. మందు మోతాదు వేరు, మొక్కలోని విషం వేరు.

ఈ మందులు త్వరత్వరగా విడిపోయే మంచి కణాలను కూడా తాకుతాయి. అందుకే జుట్టు ఊడుతుంది, నోరు పూస్తుంది, రక్త కణాలు తగ్గుతాయి. ఇది మందు వికటించడం కాదు. చికిత్స అయిన తరువాత జుట్టు సాధారణంగా తిరిగి వస్తుంది. మందులు సాగే రోజుల్లో జ్వరం వస్తే మాత్రం ఇంట్లో మాత్ర వేసుకొని కూర్చోకుండా, రాత్రయినా సరే, వెంటనే ఆసుపత్రికి రండి.

మనం చేయవలసినవి

1. పొగాకు ఏ రూపంలోనైనా మానండి. చుట్ట, బీడీ, సిగరెట్టు, గుట్కా, ఖైనీ, అన్నీ ఒకటే. ఎంత వయస్సులో మానినా మేలే.

2. 9 నుండి 14 సంవత్సరాల ఆడపిల్లలకు హెచ్.పి.వి. టీకా వేయించండి. వైరసు సోకక ముందే వేస్తే ఎక్కువ రక్షణ. మన దేశంలో తయారైన సెర్వావాక్ టీకా 2023 నుండి దొరుకుతోంది.

3. 30 ఏళ్లు దాటిన ప్రతి స్త్రీ, ఏ బాధా లేకపోయినా, గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకోవాలి. పాప్ స్మియర్, హెచ్.పి.వి. పరీక్ష, వెనిగర్ వంటి ద్రవం రాసి చూసే పరీక్ష, వీటిలో ఏది మీకు తగినదో, ఎన్నేళ్లకొకసారి చేయించుకోవాలో వైద్యులు చెబుతారు. టీకా వేయించుకున్నవారికి కూడా ఈ పరీక్ష అవసరమే.

4. ముట్లు ఆగిన తరువాత రక్తం కనబడటం, భార్యాభర్తల కలయిక తరువాత రక్తం, మానని పుండు, రొమ్ములో గడ్డ, నోటిలో తెల్లని మచ్చ, మూడు వారాలకు మించిన దగ్గు లేదా బొంగురు గొంతు ఉంటే వెంటనే చూపించుకోండి.

5. దగ్గరి బంధువుల్లో చిన్న వయస్సులోనే రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చినవారు ఇద్దరు ముగ్గురుంటే ఆ సంగతి వైద్యునికి చెప్పండి. మొత్తం క్యాన్సర్లలో 5 నుండి 10 శాతం మాత్రమే పుట్టుకతో వచ్చిన లోపం వల్ల వస్తాయి.

6. మొదలుపెట్టిన చికిత్సను పూర్తిచేయండి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. "మా ఇంట్లో ఎవరికీ లేదు, నాకెందుకు వచ్చింది?" ఎందుకంటే చాలా క్యాన్సర్లు అమ్మమ్మ నుండి రావు, జీవితకాలంలో ఒక కణంలో కావలివారు ఒకరి తరువాత ఒకరు పడిపోవడం వల్ల వస్తాయి. కొన్నిసార్లు దానికి కారణం పొగాకు, కొన్నిసార్లు వైరసు. చాలాసార్లు ఎవరూ చూపించలేని ఒక నకలు తప్పు. "నేనేం తప్పు చేశాను?" ఏ తప్పూ చేయనివారికీ ఇది వస్తుంది. ఇది శిక్ష కాదు, శాపమూ కాదు. మంచానున్నవారి దగ్గర కూర్చొని ఆ మాట చెప్పగలిగితే అది కూడా చికిత్సలో భాగమే.

ఇంట్లో మాట్లాడుకోవడానికి ప్రశ్నలు

1. రాడ్9 లేని ఈస్టు కణాలు ఎందుకు చనిపోయాయి? వాటిని ఆపి ఉంచితే ఎందుకు బ్రతికాయి?
2. ఒక్క కావలివాడు పోతే క్యాన్సర్ ఎందుకు రాదు?
3. హెచ్.పి.వి. ఏ ఇద్దరు కావలివారిని దెబ్బ తీస్తుంది? అయినా మనకు ఎన్ని సంవత్సరాల సమయం ఉంటుంది?
4. మన ఇంట్లో 30 ఏళ్లు దాటిన స్త్రీలు ఎవరెవరు? వారిలో ఎంతమంది పరీక్ష చేయించుకున్నారు?

నాలుగవ ప్రశ్నకు జవాబు ఒక కాగితం మీద రాసుకొని, ఈసారి ఆసుపత్రికి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకోండి.